చేపలతొట్టె ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు?

ఆరోగ్య శీర్షికలో చేపలతొట్టె ప్రసక్తి ఏమిటని మీకు అనుమానం రావచ్చు. జ్వరాల గురించో, చక్కెర వ్యాధి గురించో చెప్పవలసిన డాక్టరు ఇంటి సామాను సర్దడం గురించి మొదలుపెడితే ఎవరికైనా నవ్వొస్తుంది. కాని పోయిన వర్షాకాలంలో మా ఆసుపత్రికి డెబ్బయి రెండేళ్ళ పెద్దావిడను తుంటి ఎముక విరిగి స్ట్రెచరు మీద తీసుకొచ్చారు. "ఎలా పడ్డారమ్మా?" అని అడిగితే, "ఏం చెప్పను నాయనా, మావాడి చేపల వల్ల పడ్డాను" అందావిడ, అంత నొప్పిలోనూ.

కొడుకు వివరంగా చెప్పాడు. కొత్త ఫ్లాటులోకి మారారు. పిల్లలు సరదా పడితే నాలుగడుగుల అక్వేరియం కొన్నాడు. హాల్లో సోఫాలకు అడ్డమవుతుందని, పడకగదికీ బాత్రూముకూ మధ్యనున్న నడవాలో పెట్టించాడు. ఆ ఆదివారం నీళ్ళు మార్చినప్పుడు నేల మీద రెండు గ్లాసుల నీళ్ళు ఒలికితే గుడ్డతో తుడిచారు కూడా. స్టాండు కింద చేరిన తడి మాత్రం ఎవరికీ కనబడలేదు. అది రాత్రికి నున్నటి టైల్సు మీదికి పాకింది. తెల్లవారుజామున ఆవిడ బాత్రూముకని లేచింది.

ఆపరేషను బాగానే జరిగింది. నెల తరువాత వాకరు పట్టుకుని వచ్చినప్పుడు, "తొట్టె అక్కణ్ణించి తీసేశారా?" అని కొడుకును అడిగాను. అతను నేలచూపులు చూస్తూ, "ఇంకా లేదండీ. కదపాలంటే నీళ్ళన్నీ తోడాలి, రాళ్ళు తియ్యాలి, నలుగురు మనుషులు కావాలి" అన్నాడు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. చిన్న గాజుకూజాలో రెండు చేపలు పెంచుకుంటే ఇవాళ బల్లమీద, రేపు కిటికీలో పెట్టుకోవచ్చు. పెద్ద తొట్టె ఒకసారి నిండిందంటే మంచం కదిపినట్టు కదపలేరు. కాబట్టి చోటు చూసుకున్నాకే తొట్టె కొనండి.

ముందు దాని బరువు లెక్క వేద్దాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 9 ఘనపు టడుగులు. ఘనపు టడుగుకు సుమారు 28 లీటర్లు, అంటే అంచుదాకా నింపితే 255 లీటర్ల నీళ్ళు. లీటరు నీరు కిలో బరువు. గాజు, గులకరాళ్ళు, స్టాండు కలిపితే 350 కిలోల దాకా పోతుంది. అయిదారుగురు మనుషులు రాత్రింబగళ్ళు ఒకేచోట అతుక్కుని నిలబడ్డట్టన్నమాట! మన దేశంలో ఇళ్ళ గదుల నేలను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు కోసం లెక్క కడతారు. ఆ లెక్క గది మొత్తం మీద పరుచుకునే బరువుకు గనుక నాలుగడుగుల తొట్టెతో ఇల్లు కూలదు, భయపడకండి. అయితే మేడ మీద ఉండేవాళ్ళు గది మధ్యన కాకుండా, కింద దూలం ఉన్న గోడవారగా పెట్టుకోవడం మంచిది. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలో వద్దు. ఆరడుగుల తొట్టె మీద మనసు పడితే ఇల్లు కట్టిన ఇంజనీరును అడగండి, నన్ను కాదు. నేల వాలుగా ఉంటే గాజు అతుకుల మీద ఒత్తిడి ఒక పక్కకే పడి పగుళ్ళిస్తాయి. మేస్త్రీ చేత రసమట్టం పెట్టించి చూసుకోండి.

వాస్తు ప్రకారం ఈశాన్యంలో ఉంచాలా అని అడిగేవాళ్ళున్నారు. మీ ఈశాన్యంలో గట్టి గోడ ఉండి, ఎండ నేరుగా పడకుండా, నడకదారి కాకపోతే అలాగే కానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఎండ పడే కిటికీ దగ్గరైతే నీళ్ళు వేడెక్కి, నాచు పట్టి, నెలలో రెండుసార్లు కడగవలసింది నాలుగుసార్లవుతుంది. కడిగినప్పుడల్లా తడే, మోతే. పావువంతు నీళ్ళు మార్చడమంటే అరవై లీటర్లు, అంటే నాలుగు బకెట్లు తీసుకెళ్ళి పారబోసి, నాలుగు బకెట్లు తేవాలి. నడుంనొప్పి ఉన్నవాళ్ళకిది శిక్ష. అందుకని కుళాయి నుంచి గొట్టం అందేంత దూరంలో, ముసలివాళ్ళు రాత్రిపూట నడిచే దారికి ఎడంగా ఉన్న గోడ చూడండి. వెనక ఒక జానెడు ఖాళీ వదలండి, తుడుచుకోవడానికి వీలుంటుంది.

ఇక కరెంటు. దీని గురించి కాస్త నెమ్మదిగా చదవండి. ఫిల్టరు, గాలి పంపు, లైటు, ఒక్కోసారి హీటరు, ఇవన్నీ నీళ్ళలోనో నీళ్ళ మీదనో ఉండేవి. తడిసిన చర్మం కరెంటును తేలిగ్గా లోపలికి రానిస్తుంది. చాలా ఇళ్ళలో నేను చూసిందేమిటంటే, అందం చెడుతుందని ప్లగ్గు బోర్డును తొట్టె వెనక కింద దాచేస్తారు. నీటిచుక్క వైరు వెంబడే జారి తిన్నగా ప్లగ్గులోకి దిగుతుంది. బోర్డు తొట్టెకు పక్కగా, వీలైతే నీటిమట్టానికి పైన ఉండాలి. వైరు ముందు కిందికి వేలాడి, ఆ తరువాత పైకెక్కి ప్లగ్గును చేరాలి. అప్పుడు చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడిపోతుంది. గాలి పంపును నీటిమట్టానికి ఎగువన పెట్టండి. మన కరెంటు కోతల సంగతి తెలిసిందే కదా, పంపు ఆగగానే నీళ్ళు గొట్టంలో వెనక్కి వచ్చి పంపులో చేరతాయి.

ఎం.సి.బి. ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడడానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అనే పరికరం వేరే ఉంది. ఇంట్లో లేకపోతే ఎలక్ట్రీషియన్ని పిలిచి పెట్టించండి, ఎర్తింగు కూడా చూపించండి. అన్నీ ఉన్నా సరే, ప్లగ్గులన్నీ పీకకుండా నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. మన ఎండలకు ఏడాదిలో చాలా భాగం హీటరు అక్కర్లేదు కూడా. పొరపాటున ఎవరికైనా షాకు కొడితే వెంటనే ముట్టుకోకండి. మెయిను ఆపండి. మనిషి ఊపిరి తీసుకోకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి.

పసిపిల్లలున్న ఇంట్లో తొట్టె పక్కన స్టూలు, కుర్చీ ఉంచకండి. మూత గట్టిగా ఉండాలి. అయితే తొట్టె కంటే భయపడవలసింది నీళ్ళు మార్చేటప్పుడు నిండుగా పెట్టిన బకెట్టుకు. అప్పుడే నడక నేర్చిన పిల్లవాడు అందులోకి తలకిందులుగా వంగితే తిరిగి లేవలేడు, అరవనూలేడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక బ్యాంకు ఉద్యోగి కుడిచేతి వేలి వెనక ఎర్రటి బొడిపెతో వచ్చాడు. సెగగడ్డనుకుని మందులిచ్చాను. తగ్గలేదు. మందు మార్చాను. బొడిపెలు ముంజేతి మీదుగా వరసగా పైకి పాకాయి. ముక్క తీసి పరీక్షకు పంపితే క్షయ లాంటిదని వచ్చింది. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తారు. చివరికి చర్మవ్యాధుల డాక్టరొకాయన ఆ చెయ్యి చూసి, "ఇంట్లో చేపలున్నాయా?" అని ఒక్క ప్రశ్న వేశాడు. ఉన్నాయి! మూడు నెలలుగా నేను అడగని ప్రశ్న అది.

దీనికి కారణం మైకోబాక్టీరియమ్ మారినమ్ అనే క్రిమి. క్షయ క్రిమికి దాయాది. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అక్వేరియం చేపల్లో మొదట గుర్తించారు. చేతి మీద గీరుకుపోయిన చోట లోపలికి దూరుతుంది, రెండు మూడు వారాలకో, ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది. చల్లగా ఉండే చేతులంటేనే దానికి ఇష్టం, ఒంటి లోపలి వేడి గిట్టదు. దగ్గితే, తాకితే మరొకరికి అంటదు. సరైన మందులు కొన్ని నెలలపాటు వాడితే నయమవుతుంది. మా ఉద్యోగికీ నయమైంది. మీ చేతి మీద మానని బొడిపె ఉంటే, డాక్టరు అడిగినా అడక్కపోయినా ఇంట్లో చేపలున్నాయని చెప్పండి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు, చేతికి గాయమైనవాళ్ళు పొడవాటి రబ్బరు గ్లౌజు లేకుండా తొట్టెలో చెయ్యి పెట్టవద్దు.

ఇందులోనూ చోటు ప్రసక్తి ఉంది. తొట్టె పైన అల్మారా అడ్డముంటే గాజు అంచుకు రాసుకుంటూ చెయ్యి దూర్చవలసి వస్తుంది, గీరుకునేది అప్పుడే. పైన రెండడుగులైనా ఖాళీ ఉండాలి. చేతులు కడుక్కునే బేసిను దగ్గరుండాలి. వంటింటి సింకులో మాత్రం తొట్టె సామాను కడక్కండి, నోటితో గొట్టం పీల్చి నీళ్ళు తియ్యకండి. తీసిన నీళ్ళు మొక్కలకు పొయ్యండి, బాగా పెరుగుతాయి.

పడకగదిలో పెట్టవచ్చా అంటే, ఉబ్బసం ఉన్నవాళ్ళ గదిలో వద్దనే అంటాను. తొట్టె చుట్టూ గోడ చెమ్మగిల్లి బూజు పడుతుంది. చేపలకు వేసే ఎండు ఎర్రపురుగుల పొడి పడక తుమ్ములు, కళ్ళ దురద, ఆయాసం వచ్చేవాళ్ళున్నారు. పంపు రొద రాత్రిపూట చిన్నదిగా అనిపించదు.

దోమల సంగతి కూడా అడుగుతారు. చేపలు తిరుగుతున్న తొట్టెలో దోమపిల్లలు బతకవు, వాటిని చేపలు తినేస్తాయి. దోమల కోసమనే 1928లో గంబూసియా చేపలను మన దేశానికి తెచ్చారు. ప్రమాదమల్లా చేపలు చచ్చిపోయాక మేడ మీద పడేసిన ఖాళీ తొట్టెతో. అందులో వాన నీరు నిలిస్తే డెంగ్యూ దోమకు అంతకంటే ఏం కావాలి? క్లోరిన్ పోవాలని పట్టిపెట్టే కుళాయి నీళ్ళ బకెట్టు మీద కూడా మూత వెయ్యండి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ బకెట్టు బాత్రూములోనే, తలుపు గడియపెట్టి ఉంచండి.