అమ్మ పేరు పెట్టిన యంత్రం

పిల్లలూ! పోచంపల్లి చీర నేసేముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. దాన్నే ఆసు పోయడమంటారు. ఒక్కో చీరకు 9,000 సార్లు! ఆలేరు దగ్గరి శారాజీపేటలో లక్ష్మి అనే ఆమెకు అలా తిప్పి తిప్పి భుజాలు లాగేసేవి.

ఆమె కొడుకు చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు మానినవాడు. 1992లో ఆసు యంత్రం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. చేతిలో డబ్బు లేదు. నవ్వేవారు మాత్రం ఉన్నారు.

ఇప్పుడైతే హైటెక్ సిటీ పక్కన రాయదుర్గంలో టీ-హబ్ ఉంది. 2015లో గచ్చిబౌలిలో మొదలై, 2022లో ఇక్కడి పెద్ద మేడకు వచ్చింది. కొత్త వస్తువు కనిపెట్టినవారికి అక్కడ వ్యాపారం నేర్పుతారు: వాడుకునేవారి అవసరం ముందే అడిగి తెలుసుకోవడం, ఖర్చు లెక్క కట్టడం, పెట్టుబడి సంపాదించడం. పక్కనే టీ-వర్క్స్‌లో నమూనా చేసుకోవచ్చు.

మల్లేశానికి మొదటి పాఠం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఆ కష్టం ఇంట్లోనే చూశాడు గదా! నాలుగైదు గంటల పనిని గంటన్నరలో చేసే యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం.