తూటాల మీద మూడు మాటలు

2024 డిసెంబర్ 4. ఉదయం ఏడుకు పావుగంట తక్కువ. న్యూయార్క్ మన్‌హటన్‌లోని హిల్టన్ హోటల్ బయట, అమెరికాలోని అతి పెద్ద ఆరోగ్య బీమా సంస్థ యునైటెడ్‌హెల్త్‌కేర్ సీఈవో బ్రయాన్ థాంప్సన్‌ను మాస్కు వేసుకున్న ఒక వ్యక్తి వెనక నుంచి కాల్చి చంపాడు. థాంప్సన్ వయసు 50, ఇద్దరు పిల్లల తండ్రి. మదుపర్ల కోసం మాతృసంస్థ ఏటా జరిపే సమావేశానికి ఆ హోటల్లోకే నడిచి వెళ్తున్నారు. అక్కడ దొరికిన తూటాల మీద మూడు ఇంగ్లిష్ మాటలు రాసి ఉన్నాయి: డిలే, డినై, డిపోజ్. సాగదీయడం, కాదనడం, గద్దె దించడం.

మొదటి రెండు మాటలూ అమెరికాలో క్లెయిము పెట్టుకున్నవాళ్లకు కొత్తవి కావు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడైన జే ఫైన్‌మన్ 2010లో రాసిన పుస్తకం పేరు ‘డిలే, డినై, డిఫెండ్’. బీమా సంస్థలు ముందు సాగదీస్తాయి, తర్వాత కాదంటాయి, గట్టిగా అడిగితే కోర్టులో తేల్చుకోమంటాయి అన్నది అందులోని సారం. ఆ పుస్తకం ప్రధానంగా కారు, ఇంటి బీమాల గురించినది. అయినా హత్య జరిగిన వారంలోనే అమ్మకాల జాబితాల్లో పైకెక్కింది. హంతకుడు మూడో మాటను మార్చి రాశాడు. ఆ మార్పులోనే అసలు బెదిరింపు ఉంది.

ఒక మనిషి నడిరోడ్డు మీద హత్యకు గురైతే జనం అయ్యో అనడం మామూలు. ఇక్కడ చాలామంది నవ్వారు. మాతృసంస్థ యునైటెడ్‌హెల్త్ గ్రూప్ ఫేస్‌బుక్‌లో పెట్టిన సంతాప సందేశానికి వేల సంఖ్యలో నవ్వే బొమ్మలు వచ్చిపడ్డాయి. సంస్థ కామెంట్లు ఆపేయాల్సి వచ్చింది. ‘మా సానుభూతికి ఇంకా అప్రూవల్ రాలేదు’, ‘ఇది ఎప్పటినుంచో ఉన్న జబ్బు, కవరేజీ వర్తించదు’ తరహా జోకులు ఊరంతా పాకాయి. బీమా సంస్థలు పంపే తిరస్కరణ లేఖల భాషనే తిప్పి ఆ సంస్థ మీదికి విసిరిన జోకులివి. మూడు రోజుల తర్వాత మన్‌హటన్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో హంతకుడి పోలికలున్నవారి పోటీ పెట్టారు. డిసెంబర్ 9న పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో ఒక మెక్‌డొనాల్డ్స్‌లో 26 ఏళ్ల లుయీజీ మాంజియోనీని పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులకు కబురందింది అక్కడి నుంచే అని తెలియగానే ఆ హోటల్‌కు చెడ్డ రేటింగులు ఇస్తూ నెట్‌లో దండెత్తారు. నిందితుడి కోర్టు ఖర్చుల కోసం పెట్టిన నిధి 2025 మధ్యనాటికే పది లక్షల డాలర్లు దాటింది.

ఈ హోరు చూసి అమెరికా అంతా చప్పట్లు కొట్టిందనుకుంటే పొరపాటు. అదే నెలలో ఎమర్సన్ కాలేజీ జరిపిన సర్వేలో ఓటర్లలో 68 శాతం ఆ పని ఆమోదయోగ్యం కాదన్నారు. ఫరవాలేదన్నది 17 శాతమే. అయితే 18 నుంచి 29 ఏళ్ల వారిలో లెక్క మారిపోయింది: 41 శాతం ఒప్పుకోగా 40 శాతం తప్పన్నారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నార్క్ సంస్థ మరో విధంగా అడిగింది. ఈ చావుకు బాధ్యత ఎవరిది? కాల్చినవాడిది చాలావరకు లేదా కొంతైనా ఉందన్నవారు పదిమందిలో ఎనిమిదిమంది. క్లెయిముల తిరస్కరణకో, బీమా సంస్థల లాభాలకో కూడా కొంత బాధ్యత ఉందన్నవారు పదిమందిలో ఏడుగురు. రెండు లెక్కలూ కలిపి చూస్తే కనీసం సగంమంది ఇద్దరినీ తప్పుపట్టినట్టే. హత్యను మెచ్చుకోవడం ఒకటి, హత్య వెనకనున్న కోపం తనకూ ఉందని చెప్పడం ఇంకొకటి. నెట్‌లో ఈ రెండూ ఒకే నవ్వు బొమ్మ కింద కలిసిపోయాయి.

ఆ కోపం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే అమెరికాలో వైద్యానికి డబ్బు ఎలా చెల్లిస్తారో చూడాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, ప్రభుత్వం జీతాల పెంపు మీద కట్టడి పెట్టింది. జీతం పెంచలేని కంపెనీలు పనివాళ్లను ఆకట్టుకోవడానికి ఆరోగ్య బీమాను ఎరగా చూపాయి. తర్వాత పన్ను మినహాయింపు తోడై ఆ యుద్ధకాలపు ఏర్పాటు స్థిరపడిపోయింది. ఈనాటికీ చాలామందికి బీమా వచ్చేది ఉద్యోగం ద్వారానే. హెచ్-1బీ వీసా మీద వెళ్లిన తెలుగు ఇంజినీరుకు లేఆఫ్ అంటే రెట్టింపు భయం అందుకే: జీతంతో పాటు ఇంటిల్లిపాది బీమా కూడా పోతుంది. 2024లో కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ బీమాకు సగటు వార్షిక ప్రీమియం 25,572 డాలర్లు. అందులో 6,296 డాలర్లు ఉద్యోగి జీతంలోంచే కోత. ఇంత కట్టినా మొదట్లో వచ్చే బిల్లులను ‘డిడక్టిబుల్’ పేరుతో చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ తర్వాతా డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కొంత. నెట్‌వర్క్‌లో లేని డాక్టరైతే మరింత. కూతురి కాన్పుకు వెళ్లే అమ్మానాన్నలకు కొనే విజిటర్ బీమాలోనైతే పాత షుగరు, బీపీలకు సంబంధించిన చికిత్స సాధారణంగా ఉండదు. ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వీటన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించేది ‘ప్రయర్ ఆథరైజేషన్’. డాక్టరు రాసిన స్కానింగో, మందో, ఆపరేషనో అవసరమేనని బీమా సంస్థ ముందుగా ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్యాష్‌లెస్ అప్రూవల్ కోసం ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరు దగ్గర గంటల తరబడి కూర్చున్నవారికి ఆ నిరీక్షణ ఎలాంటిదో తెలుసు. అమెరికాలో అది చికిత్స పొడవునా వెంటాడుతుంది. 65 ఏళ్లు దాటినవారికి ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాల్లో 2022లో ఇలాంటి అనుమతి దరఖాస్తులు 4 కోట్ల 60 లక్షలు. వాటిలో 34 లక్షలు పూర్తిగానో కొంతమేరకో తిరస్కరణకు గురయ్యాయి. తిరస్కరించిన వాటిలో పదింట ఒకదానికే అప్పీలు వెళ్లింది. అలా వెళ్లిన వాటిలో 80 శాతానికి పైగా సంస్థలు తమ నిర్ణయాన్ని మార్చుకున్నాయి. అడిగితే ఇచ్చేదాన్ని ముందే ఎందుకు కాదన్నారన్న ప్రశ్నకు ఈ లెక్కలో జవాబు లేదు. అడగనివాళ్ల సొమ్ము ఎవరికి మిగిలిందో మాత్రం తెలుస్తూనే ఉంది.

థాంప్సన్ సంస్థ పేరే జనం నోట ఎక్కువ నానడానికీ కారణాలున్నాయి. హత్యకు రెండు నెలల ముందు అమెరికా సెనేట్ ఉపసంఘం ఒక నివేదిక ఇచ్చింది. ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన వృద్ధులకు కావలసిన నర్సింగ్ హోమ్, పునరావాస సంరక్షణలకు యునైటెడ్‌హెల్త్‌కేర్ అనుమతి నిరాకరించిన రేటు 2020లో 10.9 శాతం ఉంటే 2022కల్లా 22.7 శాతానికి చేరిందని అందులో ఉంది. రోగిని ఎన్నాళ్లు ఉంచాలో కంప్యూటర్ అల్గోరిథమ్‌తో తేలుస్తున్నారంటూ 2023 నవంబర్‌లో దావా పడింది. నిర్ణయం తీసుకునేది ఆ సాధనం కాదని సంస్థ వాదించింది.

రెండో వైపు కూడా చెప్పుకోవాలి. అమెరికా 2023లో వైద్యం మీద 4.9 లక్షల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది, అంటే జీడీపీలో ఆరో వంతు కంటే ఎక్కువ. ఆ సొమ్ములో పెద్ద భాగం చేరేది ఆసుపత్రులకు, డాక్టర్లకు, మందుల కంపెనీలకు. 2010 నాటి ఒబామాకేర్ చట్టం ప్రకారం బీమా సంస్థ వసూలు చేసిన ప్రీమియంలో కనీసం 80 లేదా 85 శాతం చికిత్సలకూ, వాటి నాణ్యత పెంచడానికే వెచ్చించాలి. అనవసరమైన పరీక్షలను ఎవరో ఒకరు ఆపకపోతే ప్రీమియం ఇంకా పెరుగుతుందన్న బీమా సంస్థల మాటలోనూ నిజముంది. ఎటొచ్చీ, రేటు పెంచిన ఆసుపత్రిలో రోగికి కనిపించేది ప్రాణం కాపాడే డాక్టరు. బీమా సంస్థ నుంచి అందేది ‘వైద్యపరంగా అవసరం లేదు’ అన్న ఉత్తరం. దాని కింద సంతకం ఎవరిదో చాలాసార్లు తెలియదు. ఫోన్ చేస్తే అవతలి గొంతుకు నిర్ణయం మార్చే అధికారం ఉండదు. దశాబ్దాలుగా మొహం లేని చోటికి తిట్లు పంపిన జనానికి డిసెంబర్ 4న టీవీలో ఒక మొహం, ఒక పేరు, ఒక హోదా కనిపించాయి. ఆ మనిషి చనిపోయాక మాత్రమే అమెరికన్లలో అత్యధికులు ఆయన పేరు మొదటిసారి విన్నారు. తిట్టింది ఆయన్ను కాదు, కుర్చీని. తూటా తగిలింది మాత్రం మనిషికి.

సినిమా వాళ్లు ఈ కోపాన్ని ఎప్పుడో పట్టుకున్నారు. 1997లో వచ్చిన ‘యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్’లో ఉబ్బసం పిల్లవాడి తల్లి బీమా సంస్థను తిట్టిపోస్తే హాళ్లలో చప్పట్లు మోగాయి. 2002 నాటి ‘జాన్ క్యూ’లో కొడుకు గుండె మార్పిడికి బీమా రాని తండ్రి ఆసుపత్రిలో జనాన్ని తుపాకీతో నిర్బంధిస్తాడు. తెలుగు ప్రేక్షకులకు ఈ వరస బాగా పరిచయమే. 2003లో ‘ఠాగూర్’లో శవానికి వైద్యం చేసి బిల్లు వేసిన కార్పొరేట్ ఆసుపత్రిని హీరో రచ్చకీడ్చినప్పుడు ఈలలు పడ్డాయి. అదే హీరో దళం అవినీతి అధికారులను ఎత్తుకెళ్లి చంపుతుంది. ఈలలు అప్పుడూ ఆగలేదు.

తెర బయట కూడా చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నవారికి చప్పట్లు కొత్త కాదు. కోర్టులు పనిచేయడం లేదంటూ శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకులు 1851లోనూ 1856లోనూ ‘విజిలెన్స్ కమిటీ’లు పెట్టి మనుషుల్ని ఉరితీశారు, ఊరి పెద్దలు వెన్నుతట్టారు. 1984 డిసెంబర్‌లో న్యూయార్క్ సబ్‌వేలో బెర్నార్డ్ గెట్జ్ నలుగురు నల్లజాతి కుర్రాళ్లను కాల్చితే నేరాలతో విసిగిన నగరం అతణ్ణి మొదట హీరోను చేసింది. జ్యూరీ అతణ్ణి హత్యాయత్నం నుంచి తప్పించి, లైసెన్సు లేని తుపాకీ కేసులో మాత్రం దోషి అంది. 1996లో మరో జ్యూరీ, పక్షవాతానికి గురైన బాధితుడికి 4 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టమంది. ప్రతిసారీ ఇలాగే జరగలేదు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మెను అణచిన హెన్రీ క్లే ఫ్రిక్‌ను అలెగ్జాండర్ బెర్క్‌మన్ కార్మికుల పేరు చెప్పి ఆయన ఆఫీసులోనే కాల్చి, పొడిచాడు. ఫ్రిక్ బతికాడు. అప్పటిదాకా కార్మికుల వైపున్న సానుభూతి ఆయన వైపు మళ్లింది, సమ్మె కుప్పకూలింది.

తెలంగాణలో 2019 డిసెంబర్ 6న, యువతిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసు నిందితులు నలుగురు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. న్యూయార్క్‌లో కాల్చింది ఒంటరి వ్యక్తి, ఇక్కడ యూనిఫాం వేసుకున్నవారు. ఆ తేడా చిన్నదేమీ కాదు. కానీ పూలు చల్లినవారు చెప్పిన కారణమూ, నవ్వు బొమ్మలు పెట్టినవారు చెప్పిన కారణమూ ఒకటే: మామూలు దారిలో వెళ్తే న్యాయం ఎప్పటికీ అందదని.

థాంప్సన్ హత్య తర్వాత ఏం మారిందన్న ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు. హత్య జరిగిన మర్నాడే ఆంథెమ్ బ్లూ క్రాస్ సంస్థ, ఆపరేషన్లో మత్తు ఇచ్చే సమయానికి పరిమితి పెట్టాలన్న ఆలోచనను వెనక్కి తీసుకుంది. తూటాకే భయపడిందని కొందరన్నారు. మత్తు డాక్టర్ల సంఘం ఆ ప్రతిపాదన మీద నవంబర్ నుంచే పోరాడుతోందన్నది చాలామంది మరిచిన సంగతి. యునైటెడ్‌హెల్త్ గ్రూప్ అధిపతి ఆండ్రూ విట్టీ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, ఉన్న వ్యవస్థ సవ్యంగా పనిచేయడం లేదని ఒప్పుకున్నారు. 2025 మేలో పదవి వదిలారు. ఆ జూన్‌లో పెద్ద బీమా సంస్థలు ముందస్తు అనుమతుల తంతును తగ్గిస్తామని ప్రభుత్వానికి మాటిచ్చాయి. వెంటనే మారిందల్లా కాపలా: వెబ్‌సైట్లలోంచి అధికారుల ఫొటోలు మాయమయ్యాయి, అంగరక్షకుల ఖర్చు పెరిగింది. మొహం లేని వ్యవస్థకు ఉన్న కాసిని మొహాలూ చాటుకు వెళ్లాయి. మాంజియోనీ తాను నిర్దోషినన్నాడు. అతని మీద న్యూయార్క్ రాష్ట్రం మోపిన ఉగ్రవాద అభియోగాలను 2025 సెప్టెంబర్‌లో జడ్జి కొట్టేశారు, హత్య అభియోగాన్ని అలాగే ఉంచారు.

తిరస్కరణ లేఖ అందుకున్నవారికి చట్టం 2010 నుంచే ఒక దారి చూపింది. 180 రోజుల్లోగా సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే నాలుగు నెలల్లోగా బయటి నిపుణుల సమీక్ష కోరవచ్చు. వాళ్లు రోగి వైపు తేలిస్తే సంస్థ కట్టితీరాలి. కాకపోతే ఈ కాగితాలన్నీ నింపాల్సింది కీమో తీసుకుంటున్న మనిషో, ఆ మంచం పక్కన కూర్చున్న మనిషో. 2023లో ఒబామాకేర్ కింద ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా అమ్మిన పాలసీల్లో, నెట్‌వర్క్‌లోని డాక్టర్లు, ఆసుపత్రుల నుంచి వచ్చిన ప్రతి వంద క్లెయిముల్లో 19 తిరస్కరణకు గురయ్యాయి. వాటి మీద అప్పీలుకు వెళ్లినవారు నూటికి ఒక్కరు కూడా లేరు.