బాల్టిమోర్‌లో శృతి దొరికిన పేట

అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి తూర్పు వైపున, బ్రాడ్‌వే వీధిలో ఎర్ర ఇటుకల భవనం మీద పాతకాలపు గోపురం ఒకటి కనిపిస్తుంది. అది 1889లో తలుపులు తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి. దాని చుట్టూ వైద్య కళాశాల, పరిశోధనశాలలు కలిసి ఇప్పుడు ఒక పేటే అయింది. ఇక్కడి ఆపరేషన్ల గురించి, డాక్టర్ల గురించి ఎంతోమంది రాశారు. నా దృష్టిలో ఈ పేటకు అంతకు తగ్గని ఘనత మరొకటి ఉంది. చెవిన పడ్డ ధ్వని ఏ శృతిదో మెదడు ఎలా పోల్చుకుంటుంది? ఈ ప్రశ్నకు రెండు పెద్ద జవాబులు ఇక్కడే దొరికాయి, అరవై ఏళ్లకు పైగా ఎడంతో.

మొదటిది 1942 నాటిది. క్లింటన్ వూల్సీ, ఎడ్వర్డ్ వాల్జల్ మత్తులో ఉన్న పిల్లి లోపలి చెవిని తెరిచి, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తం వెంబడి నరాల పోగులకు ఒక్కోచోట కొద్దిపాటి కరెంటు తాకించారు. మెదడు పైపొరలో స్పందన ఎక్కడ పుడుతోందో చూశారు. కర్ణావర్తం మొదట్లో హెచ్చు పౌనఃపున్యాలు, చివర్లో తక్కువవి పలుకుతాయి. ఆ వరస మెదడులోనూ చెక్కుచెదరలేదు. మొదటి భాగాన్ని తాకితే శ్రవణ ప్రాంతంలో ముందు వైపు, చివరి భాగాన్ని తాకితే వెనక వైపు కదలిక వచ్చింది. దాన్ని ఆనుకునే మరో పటం బయటపడింది, అందులో వరస తారుమారు!

పటం దొరికింది సరే, వినికిడి రహస్యం తేలిపోయిందా? లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోనునే తీసుకోండి. అది 300 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనిని దాదాపుగా మోయదు. మగవాళ్ల గొంతులో మూలస్వరం సాధారణంగా 100, 150 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. అంటే ఆ స్వరం తీగ దాటి రానే రాదు. అయినా నాన్నగారి గొంతు నాన్నగారి గొంతులాగే, అదే బరువుతో వినిపించేది. 800, 1000, 1200 హెర్ట్జ్ స్వరాలను కలిపి వినిపించినా ఇంతే. అందులో లేని 200 హెర్ట్జ్ శృతి మనకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ మూడూ 200కు గుణిజాలే. ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో చోటు అన్న లెక్కతో మాత్రమే దీన్ని వివరించలేం.

రెండో జవాబు 2005లో, అదే పేటలోని షియావోచిన్ వాంగ్ ప్రయోగశాల నుంచి వచ్చింది. వాళ్లు ఎంచుకున్నది మార్మోసెట్. బ్రెజిల్ అడవుల్లో తిరిగే చిన్న కోతి, బరువు అరకిలో కూడా ఉండదు, పొద్దస్తమానం ఏదో ఒక కూత పెడుతూనే ఉంటుంది. దాని మెదడుకు ముడతలు తక్కువ కాబట్టి శ్రవణ ప్రాంతం చాలావరకు పైకే అందుతుంది. కోతికి మత్తు ఇవ్వకుండా, మెలకువగా ఉండగానే వినిపించడం ఇక్కడి ప్రత్యేకత. మత్తులో న్యూరాన్లు ధ్వని మొదలైనప్పుడు ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకుంటాయి. మెలకువలో అయితే తమకు నచ్చిన ధ్వని మోగినంతసేపూ స్పందిస్తూనే ఉంటాయని ఇదే బృందం ఆ ఏడాదే చూపింది.

అలా వెతికిన డానియెల్ బెండర్, వాంగ్‌లకు తక్కువ పౌనఃపున్యాల అంచున న్యూరాన్ల చిన్న గుంపు ఒకటి తగిలింది. వాటిలో ఒక న్యూరాన్ 200 హెర్ట్జ్ స్వరానికి పలుకుతుందనుకోండి. 800 విడిగా వినిపిస్తే పలకదు, 1000కీ పలకదు, 1200కీ అంతే. మూడూ కలిపి వినిపిస్తే మాత్రం పలుకుతుంది! చెవికి అందని మూలస్వరాన్ని ఆ కణం పట్టుకుంటోంది. నాకు ఈ శాస్త్రంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం కనిపించలేదు.

మరి ఆ కోతికి నిజంగా శృతి తెలుస్తుందా? వాంగ్ బృందం వాటికి శిక్షణ ఇచ్చి పరీక్షించి, మార్మోసెట్లు శృతిని పోల్చుకునే తీరు ముఖ్యమైన అంశాల్లో మనిషి తీరులాంటిదేనని 2016లో ప్రకటించింది. వాటి వంశమూ మన వంశమూ విడిపోయి కనీసం 4 కోట్ల ఏళ్లయిందని అంచనా. శృతిజ్ఞానం సంగీతం కన్నా, మాట కన్నా, మనిషి కన్నా పాతదన్నమాట.