నీటి నడుమ నిప్పు

చుట్టును నీరున్నచోట నిప్పునకు భయపడనేల యని పలువురకు తోచును. కృష్ణాతీరవాసుల అనుభవము మాత్రము వేరు. నది తెచ్చిన ఒండ్రు మేటవేసి ఏర్పడిన భూమికి లంక యని పేరు. అట్టి లంకలపై జనులు పొలములు దున్నిరి, ఇండ్లు కట్టుకొనిరి, ఊళ్లు వెలయించిరి. విజయవాడ నగరములోని కృష్ణలంక తన పుట్టుకను పేరులోనే నిలుపుకొన్నది. దానికి ఒక ప్రక్క కృష్ణానది, మరియొక ప్రక్క బందరు కాలువ. నగరము పెరిగి, వంతెనలు వెలసి, ఆ లంక నేడు జనసమ్మర్దము గల పేట యైనది. అయినను, నీటికిని ఇరుకు సందులకును నడుమ నున్న పేటలో మంట లేచినచో, దానిని ఆర్పువారు సకాలమున చేరుట ఎట్లు అను ప్రశ్న నేటికిని తీరలేదు.

అగ్ని బ్రతుకుటకు మూడు వస్తువులు కావలెను. అవి కాలెడి పదార్థము, వేడిమి, ప్రాణవాయువు. ఈ మూడింటిలో ఏ యొక్కటి తొలగినను మంట చల్లారును. నీరు చల్లిన వేడిమి తగ్గును. ఇసుక కప్పిన గాలి తగలదు. కాలుచున్న యింటికిని ప్రక్క యింటికిని నడుమనున్న చితుకులను, తాటాకును తొలగించిన మంటకు మేత దొరకదు. అగ్నిమాపక శాస్త్రమంతయు ఈ మూడు సూత్రములపైననే నిలిచియున్నది. కాని వీనిని ప్రయోగించుటకు మిగిలెడి కాలము మిక్కిలి తక్కువ. మొదటి నిమిషమున ఒక చెంబెడు నీటితో ఆరిపోవు నిప్పు, పదవ నిమిషమునకు ఇంజనుకును లొంగదు. అందువలన అగ్నిమాపక కేంద్రము ఎన్ని మైళ్ల దూరమున నున్నదనుట కంటె, ఎన్ని నిమిషముల దూరమున నున్నదనుటయే ముఖ్యము.

ఈ లెక్కను బట్టి చూచిన, దీవి యనగా చుట్టును నీరున్న భూమి మాత్రమే కాదు. విజయవాడ వన్ టౌన్ ప్రాంతమున కొండవాలులపై వరుసలు వరుసలుగా ఇండ్లు వెలసినవి. ఆ యిండ్లకు దారులు మెట్లే. భారీ వాహనము కొండ దిగువననే ఆగిపోవును. మెట్లపై నుండువారికి అదియే రేవు. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ మొదలగు పేటలను ముంచివేసినప్పుడు, అంతవరకు వీధులుగా నున్నవి ఏరులైనవి, మేడలు దీవులైనవి. ఆహారమును పడవలు, హెలికాప్టర్లు, డ్రోనులు మోసినవి. వరద తీసిన పిమ్మట అగ్నిమాపక యంత్రములు వచ్చి, ఇండ్లలో పేరుకొన్న బురదను కడిగివేసినవి. నిప్పు నార్పు గొట్టములే నాడు నీటి కీడును కూడ కడిగినవి.

నగరము దాటి డెల్టా చివరకు పోయినచో కష్టము హెచ్చును. కృష్ణ సముద్రమును చేరుచోట, నాగాయలంక మండలమున ఎదురుమొండి దీవి కలదు. చిరకాలము ఆ దీవివారు ఏటిమొగ రేవునుండి పడవపైననో పంటుపైననో రాకపోకలు సాగించిరి. పంటు ఆవలి యొడ్డున నున్నపుడు మంట లేచినచో, అది తిరిగివచ్చి, వాహనము నెక్కించుకొని, మరల దాటులోపల పూరిల్లు బూడిద యగుటకు అడ్డేమి?

నీరు సమీపముననే యున్నది కదా, దానినే వాడుకొనవచ్చును కదా యని అడుగవచ్చును. ఇచ్చట రెండు చిక్కులు కలవు. మొదటిది ప్రకృతి విధించిన హద్దు. పంపు నీటిని పీల్చునపుడు, నిజమునకు నీటిని గొట్టములోనికి నెట్టునది బయటి గాలి యొత్తిడియే. ఆ యొత్తిడి నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తునకు మించి నెట్టజాలదు. ఆచరణలో 7 మీటర్లు దాటుట కష్టము. కావున ఎత్తైన గట్టుపై పంపు నుంచి, లోతున పారు నీటిని తోడబూనుట వ్యర్థము. చేతులతో మోయదగిన చిన్న పంపును నీటి యంచునకే కొనిపోవలెను. అచ్చటినుండి గొట్టములను పేర్చుకొని రావలెను. 15 మీటర్ల గొట్టములైనచో 300 మీటర్ల దూరమునకు 20 కావలెను. పైగా గొట్టము పొడవైన కొలది రాపిడివలన నీటి వేగము తగ్గును.

రెండవ చిక్కు ఋతుధర్మము. రోహిణీ కార్తెలో రోళ్లు పగులు ననుట తెలుగునాట సామెత. తాటాకు కప్పులు, గడ్డివాములు ఎండి చిటపటలాడునది అప్పుడే. వడగాలి వీచునది అప్పుడే. డెల్టాలో మరమ్మతుల నిమిత్తము కాలువలు కట్టివేయునదియు సాధారణముగా వేసవియందే. నదియు సన్నగిల్లి, ఒడ్డునకును నీటికిని నడుమ ఇసుకమేటలు పరచుకొనును. అనగా నీటితో మిక్కిలి అవసర మున్నపుడే నీరు మిక్కిలి దూరమగును.

ఇట్టి విపత్తు ఇటలీ దేశమున వెనిస్ నగరమునకు నిజముగనే వచ్చినది. ఆ నగరమున వీధులకు మారు కాలువలున్నవి. అగ్నిమాపక దళము పడవలపై పోవును. 1996 జనవరి 29వ తేదీ రాత్రి అచ్చటి ప్రసిద్ధమైన లా ఫెనీచే నాటకశాల తగులబడినది. పూడిక తీయుటకై ప్రక్క కాలువను అంతకు ముందే ఎండగట్టియుండిరి. పడవలు దగ్గరకు పోలేకపోయినవి. హెలికాప్టరుతో నీరు కుమ్మరించి చుట్టుప్రక్కల భవనములను కాపాడగలిగిరి గాని, నాటకశాల లోపలి భాగమంతయు కాలిపోయినది. తిరిగి కట్టి తెరచుటకు 2003వ సంవత్సరము వరకు పట్టినది. కాలువ కట్టివేయుట తప్పు కాదు. కట్టివేసిన దినములలో నీరెచ్చటినుండి వచ్చునో ముందుగా నిర్ణయించుకొనకపోవుటయే ప్రమాదము.

చేరరాని పేటలకు రక్షణ రెండు విధములు. ఒకటి ప్రభుత్వము చేయవలసినది. పెద్ద ఇంజను దూరని సందులకు చిన్న బండ్లు, ద్విచక్ర వాహనములపై నమర్చిన పరికరములు దేశమున పలు నగరములలో వాడుకలోనికి వచ్చినవి. దీవులలో పంపును, గొట్టములను అచ్చటనే యుంచుట, మెట్లదారులలో ఎత్తైన చోట్ల నీటితొట్లు కట్టుట, వేసవికై చెరువులలో నీరు నిలుపుట ఇట్టివే.

రెండవది ప్రజలు చేయవలసినది. ఇది మొదటిదానికంటె చులకనైనది కాదు. సామాన్యముగా ఒక ఇంజను సుమారు 4,500 లీటర్ల నీరు మోయును. నిమిషమునకు 450 లీటర్ల చొప్పున చిమ్మినచో అది 10 నిమిషములలో ఖాళీ యగును. రేవునుండి కాలుచున్న యింటివరకు ఊరివారు వరుసగా నిలిచి, 10 లీటర్ల బకెట్లను చేతికి చేయి అందించుచు, మూడు సెకండ్ల కొకటి చొప్పున కుమ్మరించినచో నిమిషమునకు 200 లీటర్లగును. యంత్రము రాకముందే యంత్రములో దాదాపు సగము పని జరిగినట్లే. ఇసుక బకెట్లు, తడిపిన గోనెసంచులు, మండు తాటాకును లాగివేయుటకు పొడవైన దోటి సిద్ధముగ నున్నచో పని మరింత సులువగును. విద్యుత్తు మంటపై నీరు చల్లక, ముందు ప్రవాహము నాపవలెను. నూనె మంటపై నీరు పోయక మూత పెట్టవలెను. అన్నిటికంటె ముందు మనుష్యులను వెలుపలికి తెచ్చి, వెంటనే 101కి ఫోను చేయవలెను.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో, నీటిపైననే యున్న ఓడలో నిప్పంటుకొని, ప్రత్తి బేళ్లతోపాటు దానిలోనున్న ప్రేలుడు పదార్థములు పగిలినవి. ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణములర్పించిరి. వారి స్మృతికై ఏటేట ఆ దినము మొదలు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. అవి వేసవి ఆరంభముననే వచ్చుట తెలుగునాటికి ఒక హెచ్చరిక వంటిది.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట అవివేకమని పెద్దలు చెప్పిరి. లంకవాసికి బావి త్రవ్వ నక్కరలేదు. నీరు కనుచూపు మేరలోనే యున్నది. ఆ నీటికిని తన యింటికిని నడుమనున్న దారిని, చల్లని దినముననే, ఇరుగుపొరుగుతో కలిసి సిద్ధపరచుకొనినచో చాలును. చేయి చేయి కలిపి నిలిచిన ఊరు ఎంత దూరపు దీవియైనను ఒంటరిది కాదు.