పూల్ పంపు బోర్డు పోతే డైరెక్ట్ ఇవ్వొచ్చా?

ఈ వారం ఎపిసోడ్‌లో పూల్ పంపు ముచ్చట చెప్పాను కదా. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం, వైరింగ్ సంగతి మళ్లీ చూసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

నేను దుబాయ్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. ఆగస్టు నెలలో ఒక విల్లా కాంపౌండ్‌లో పూల్ పంపు ఆగిపోయింది. ఇక్కడి ఎండల సంగతి మీకు తెలుసు. నీళ్లు తిరగకపోతే రెండు మూడు రోజుల్లో పూల్ పచ్చబడుతుంది. కంట్రోల్ బోర్డు రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఫోర్‌మెన్ ఫోన్ చేసి, "బోర్డు పక్కన పెట్టు, డైరెక్ట్ కొట్టు" అన్నాడు. ఈ మాట వినని ఎలక్ట్రీషియన్ గల్ఫ్‌లో ఉండడు.

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి

పంపు ఆగిందంటే బోర్డే పోయిందని అనుకోవద్దు. మోటారు గుయ్యిమంటూ తిరగకపోతే ఎక్కువగా కెపాసిటర్ పోయి ఉంటుంది, లేదా ఇంపెల్లర్‌లో చెత్త ఇరుక్కుని ఉంటుంది. బ్రేకర్ పడిపోతుంటే మోటారు వైండింగ్ చూడాలి. సప్లై తీసేసి, వైర్లు విప్పి, 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూడండి. వైండింగ్‌కి, బాడీకి మధ్య ఒక మెగా ఓమ్ కూడా రాకపోతే ఆ మోటారుకు కరెంటు ఇవ్వనే వద్దు. మూత తీయగానే కెపాసిటర్ కాళ్లు ముట్టుకోవద్దు. సప్లై లేకపోయినా అందులో చార్జి మిగిలి ఉంటుంది.

నా కేసులో చప్పుడే లేదు. కాంటాక్టర్ పైన 230 వోల్టులు వస్తున్నాయి కానీ, కాయిల్ ఏ1, ఏ2 మధ్య ఏమీ రావట్లేదు. మోటారు, కెపాసిటర్ రెండూ బాగానే ఉన్నాయి. తేమకు బోర్డు మీది రిలే కాలిపోయింది. అంటే బోర్డు కాయిల్‌కి "నడువు" అని చెప్పడం మానేసిందన్నమాట.

ఏ పంపుకి ఇది కుదరదు

వేరియబుల్ స్పీడ్ పంపు అయితే ఇక్కడే ఆగిపోండి. అందులో మోటారు మీదే డ్రైవ్ ఉంటుంది. మన సింగిల్ ఫేజ్ కరెంటును అది మూడు ఫేజులుగా మార్చి మోటారుకు ఇస్తుంది. డ్రైవ్ తీసేసి మోటారుకు నేరుగా కరెంటు ఇస్తే అది తిరగదు, కాలిపోతుంది. డైరెక్ట్ ఇవ్వడం అనేది ఒకే స్పీడుతో నడిచే మామూలు పంపుకే.

నేను ఎలా చేశానంటే

మెయిన్ బ్రేకర్ తీసి, తాళం వేసి, ట్యాగ్ కట్టాను. బోర్డు నుంచి కాయిల్‌కి వచ్చే వైరు విప్పి, దాని బదులు 24 గంటల మెకానికల్ టైమర్ పెట్టాను. పక్కన పిన్నులు ఉంటాయే, ఒక్కో పిన్ను 15 నిమిషాలు, ఆ టైమరే. టైమర్ కరెంటు కాయిల్‌కి మాత్రమే వెళ్లాలి, మోటారు లోడ్ దాని మీద వేయొద్దు. కాయిల్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసుకోండి. 24 వోల్టుల కాయిల్‌కి 230 ఇస్తే వెంటనే కాలుతుంది. ఓవర్‌లోడ్ రిలేలోని 95, 96 కాంటాక్టును కాయిల్ లైన్‌లోనే ఉంచాను. పంపు నడిచింది. క్లాంప్ మీటర్ పెడితే కరెంటు నేమ్‌ప్లేట్ మీద ఉన్నదానికంటే తక్కువే. ఫోర్‌మెన్ ఖుషీ, నేను ఖుషీ.

నా తప్పు

ఆ బోర్డు పంపునొక్కదాన్నే నడిపేది కాదు. యాసిడ్, క్లోరిన్ పోసే రెండు చిన్న డోసింగ్ పంపులకు కూడా అదే కరెంటు ఇచ్చేది. పెద్ద పంపు నడిస్తేనే అవి నడిచేవి. బోర్డు తీసేసరికి అవి ఆగిపోయాయి. నేను ఆలోచించకుండా వాటికి పక్క బ్రేకర్ నుంచి నేరుగా కరెంటు ఇచ్చేశాను.

రాత్రి టైమర్ పంపును ఆపింది. డోసింగ్ పంపులు ఆగలేదు. కదలని నీళ్లలో సెన్సార్ రీడింగ్ మారదు కాబట్టి, యాసిడ్, క్లోరిన్ రెండూ ఒకే పైపులోకి రాత్రంతా పడుతూనే ఉన్నాయి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. పొద్దున్న పంపు స్టార్ట్ కాగానే అదంతా ఒక్కసారిగా పూల్‌లోకి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. గొంతు మండింది, కళ్లు నీళ్లు కారాయి, ఊపిరి ఆడలేదు. పంపు ఆపి, గాలికి ఎదురుగా దూరం పరిగెత్తాను. ఆ రోజంతా దగ్గు, క్లినిక్‌కి వెళ్లాల్సి వచ్చింది.

ఇంకో గంటైతే అక్కడ పిల్లలు ఈతకు దిగేవాళ్లు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

తప్పు నాదేనని ఫోర్‌మెన్‌కి నేనే చెప్పాను. జీతం కోస్తారేమోనని భయమేసింది. కోయలేదు కానీ వార్నింగ్ లెటర్ ఇచ్చారు.

బోర్డు తీసే ముందు అడగాల్సిన ప్రశ్న

ఇది ఏమేం పనులు చేస్తోంది? ఇకనుంచి ఆ పనులు ఎవరు చేస్తారు? కాగితం మీద రాసుకోండి.

- డోసింగ్ పంపులు, సాల్ట్ క్లోరినేటర్, హీటర్: పెద్ద పంపు ఆగితే ఇవి ఆగాలి. కాంటాక్టర్ 13, 14 కాంటాక్టు గుండా, ఫ్లో స్విచ్ గుండా, రెండింటి గుండా వీటి లైన్ వెళ్లాలి. కాంటాక్టర్ పడినంత మాత్రాన నీళ్లు పారుతున్నట్టు కాదు, వాల్వు మూసి ఉండొచ్చు. ఇది కుదరకపోతే డోసింగ్ పూర్తిగా ఆపి, నీళ్లు టెస్ట్ చేసి చేత్తోనే వేయండి.
- నీళ్లు లేకుండా పంపు తిరగడం: ఇలా తిరిగితే కరెంటు తగ్గుతుంది గానీ పెరగదు. అందుకే ఓవర్‌లోడ్ దీన్ని పట్టుకోలేదు, సీల్ కాలిపోతుంది. ట్యాంకు ఫ్లోట్ స్విచ్‌ని కాయిల్ లైన్‌లో కలపండి.
- టైము: కరెంటు పోతే మెకానికల్ టైమర్ కూడా ఆగుతుంది. వచ్చాక ముల్లు సరిచేయాలి.

ఒక్కదాన్ని మాత్రం ముట్టొద్దు

30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ. "అది ఊరికే పడుతోంది, తీసెయ్" అని ఎవరన్నా అంటారు. అది ఊరికే పడదు, ఎక్కడో కరెంటు లీకవుతోందని చెప్తోంది. మామూలు 16 ఆంపియర్ల బ్రేకర్‌కు ఆ లీకు కనిపించదు, మనిషి ప్రాణం పోయినా అది పడకపోవచ్చు. ఎర్త్ వైరు సంగతీ అంతే.

"డైరెక్ట్ కొట్టు" అని ఫోన్లో చెప్తే, "సరే సార్, కానీ డోసింగ్ ఆపేస్తా, బోర్డు వచ్చేదాకా ఇది టెంపరరీ" అని వాట్సాప్‌లో రాసి పంపండి. ప్యానెల్ తలుపు మీద కూడా ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో కాగితం అతికించండి. రేపు మీరు సెలవు మీద ఊరికి పోతే, ఆ తలుపు తెరిచే తమ్ముడికి ఆ కాగితమే దిక్కు. ఎలక్ట్రికల్ పని మీ పేరు మీద లేకపోతే, హెల్పర్‌గా ఉంటే, చేయనని చెప్పండి. కోపాలొస్తే రానీయండి. మనం ఇంత దూరం వచ్చింది ఇంటికి తిరిగి పోవడానికే కదా.