చెవిలో హోరు: జ్వరం, దిగులు దాన్ని ఎందుకు పెంచుతాయి?

"జ్వరం తగ్గింది గానీ చెవిలో హోరు రెట్టింపయింది డాక్టరుగారూ" అనే మాట మేము తరచు వింటుంటాం. ఏళ్ల తరబడి హోరుకు అలవాటుపడి తమ పనులు తాము చేసుకుంటున్నవారు కూడా ఒక వైరల్ జ్వరం వచ్చినా, ఇంట్లో కష్టం వచ్చినా మళ్లీ నిద్రకు దూరమవుతారు. ఇది వారి భ్రమ కాదు. దీనికి తగిన కారణాలున్నాయి.

హోరు అంటే ఏమిటి?

బయట ఏ శబ్దమూ లేకుండానే చెవిలో గానీ తలలో గానీ గుయ్యిమన్నట్లు, ఈల వేసినట్లు, కీచురాళ్లు అరిచినట్లు వినిపించడాన్ని వైద్యులు టినిటస్ అంటారు. ఇది వ్యాధి కాదు, ఒక లక్షణం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సన్నని రోమకణాలుంటాయి. వయసు వల్ల, యంత్రాల రొద వల్ల అవి దెబ్బతింటే మెదడుకు చేరే శబ్దాలు తగ్గిపోతాయి. రేడియో సరిగా వినపడనప్పుడు మనం వాల్యూమ్ పెంచినట్లే, మెదడు కూడా తన గ్రహణశక్తిని పెంచుకుంటుంది. దానితోనే హోరు పుడుతుందని చాలామంది నిపుణుల అభిప్రాయం.

వైరస్ ఏం చేస్తుంది?

ముక్కు వెనుక నుండి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. జలుబు చేసినప్పుడు అది వాచి మూసుకుపోతే చెవులు దిబ్బడ వేస్తాయి. బయటి శబ్దాలు తగ్గేసరికి లోపలి హోరు పెద్దదిగా తోస్తుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక గోడ గడియారం చప్పుడు వినబడినట్లే ఇది. గవదబిళ్లలు, తట్టు వంటి వైరస్ వ్యాధులు కొందరిలో లోపలి చెవినే దెబ్బతీస్తాయి.

కొన్ని మందులు కూడా హోరును పెంచవచ్చు. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, మలేరియాకు వాడే క్వినైన్, జెంటామైసిన్ ఇంజక్షన్లు అటువంటివే. వీటిని మీ అంతట మీరు మానకండి. హోరు ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

దిగులు ఏం చేస్తుంది?

2020లో కరోనా కాలంలో 48 దేశాలకు చెందిన 3,103 మంది టినిటస్ రోగులను పరిశోధకులు ప్రశ్నించారు. కరోనా లక్షణాలు కనిపించినవారిలో 40 శాతం మంది తమ హోరు పెరిగిందన్నారు. వ్యాధి భయం, ఒంటరితనం, నిద్రలేమి, డబ్బు చింత బాధను పెంచాయని చాలామంది తెలిపారు. మాస్కుల వల్ల ఎదుటివారి పెదవుల కదలిక కనబడక, వినికిడి తక్కువైనవారు మరింత ఇబ్బంది పడ్డారు.

భయపడినప్పుడు మెదడు ప్రమాద సూచనల కోసం కాచుకుని ఉంటుంది. హోరును కూడా ప్రమాదంగా ఎంచి, దానిమీదే ధ్యాస నిలుపుతుంది. ధ్యాస పెట్టేకొద్దీ హోరు పెరుగుతుంది, నిద్ర పోతుంది, భయం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

మీరు చేయగలిగినవి

* పూర్తి నిశ్శబ్దంలో పడుకోకండి. ఫ్యాను చప్పుడు గానీ, సన్నగా రేడియో గానీ ఉండనివ్వండి.
* రోజూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేవండి. కొంతసేపు నడవండి.
* చెవిలో కాచిన నూనె పోయకండి, పుల్లలు పెట్టకండి. గులిమి ఉంటే ఆసుపత్రిలో తీయించుకోండి.
* వినికిడి పరీక్ష చేయించుకోండి. వినికిడి తగ్గినవారిలో చాలామందికి వినికిడి యంత్రం పెట్టుకుంటే హోరు బాధ కూడా తగ్గుతుంది.
* ఆలోచనా విధానాన్ని మార్చే కౌన్సెలింగ్ (సి.బి.టి.) హోరును మాయం చేయదు గానీ, అది పెట్టే బాధను తగ్గిస్తుందని పరిశోధనలు నిరూపించాయి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే జలుబే కదా అని ఊరుకోకండి. అదే రోజు చెవి డాక్టరును కలవండి. ఇందుకు చికిత్స తొలి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. ఒక చెవిలోనే హోరు ఉన్నా, గుండె కొట్టుకున్నట్లు లయగా వినిపించినా, కళ్లు తిరిగినా, చీము కారినా పరీక్ష అవసరం. బ్రతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఇంట్లోవారికి వెంటనే చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఆ శబ్దం మీకు వినబడదు గనుక అది లేదనుకోకండి. "అంతా నీ ఊహే" అనకుండా ఓపికగా వినండి. జ్వరం, దిగులు తగ్గాక చాలామందిలో హోరు మళ్లీ మునుపటి స్థాయికి వస్తుంది. అంతవరకు వారికి మీ తోడు కావాలి.