హ్యాండిల్ ఎందుకు వణుకుతుంది? మోటారుసైకిల్ కంపనాలు – వాటిని తగ్గించే మార్గాలు



గంటసేపు ఆగకుండా మోటారుసైకిల్ నడిపి దిగిన వ్యక్తిని ఎప్పుడైనా గమనించారా? బండికి స్టాండు వేయగానే రెండు చేతులూ విదిలిస్తాడు. వేళ్లు ముడిచి తెరుస్తాడు. చేతులు తిమ్మిరెక్కాయని అంటాడు. ఆ తిమ్మిరికి ఒక ముఖ్య కారణం హ్యాండిల్ కంపనం. ఈ కంపనం ఎక్కడ పుడుతుంది? చేతి దాకా ఎలా వస్తుంది? దాన్ని ఎలా తగ్గించవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు ఈ పాఠంలో సమాధానాలు తెలుసుకుందాం. మీరు తరగతిలో చదువుకున్న జడత్వం, బలాత్కృత కంపనాలు, అనునాదం అనే భావనలే ఇక్కడ మనకు సాయపడతాయి.

కంపనం వల్ల కలిగే హాని

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. గాలి పీడనంతో నడిచే పనిముట్లు వాడే కార్మికుల వేళ్లు తెల్లబడి మొద్దుబారుతున్నాయని 1911లోనే ఇటలీ వైద్యుడు జొవాన్ని లొరీగా గుర్తించాడు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని రాతి కార్మికులను పరీక్షించి ఇదే విషయాన్ని వివరంగా నమోదు చేసింది. ఏళ్ల తరబడి చేతికి అందే కంపనం వేళ్లలోని సన్నని రక్తనాళాలనూ, నాడులనూ దెబ్బతీస్తుంది. జపాన్‌లో మోటారుసైకిళ్లపై ఉత్తరాలు పంచిన తపాలా ఉద్యోగులలో కూడా ఈ లక్షణాలు కనిపించాయి.

ఎంత కంపనాన్ని ఎక్కువ అనాలి? ఐరోపా సమాజం 2002లో ఇచ్చిన ఆదేశం ఇందుకు ఒక కొలమానం. చేతికి అందే కంపన త్వరణం 8 గంటల పనిదినానికి సరాసరిన 2.5 మీ/సె² చేరితే యజమాని నివారణ చర్యలు చేపట్టాలి. 5 మీ/సె² దాటకూడదు. ఇక్కడ ఒక లెక్క చూద్దాం. ఒక బండి హ్యాండిల్ దగ్గర త్వరణం 5 మీ/సె² అనుకోండి. దాన్ని రోజుకు 2 గంటలు నడిపితే, 8 గంటల సరాసరి కోసం 5ను 2/8 వర్గమూలంతో గుణించాలి. వచ్చేది 2.5. అంటే రెండు గంటలకే మొదటి హద్దు చేరుకున్నాం. అదే హ్యాండిల్ కంపనాన్ని సగానికి తగ్గించగలిగితే ఆ హద్దు చేరడానికి 8 గంటలు పడుతుంది. కంపనం సగమైతే కాలం నాలుగు రెట్లవుతుందన్నమాట. రోజంతా బండిమీదే తిరిగి పాలు పోసేవారికీ, పార్శిళ్లు అందించేవారికీ ఈ తేడా ఎంత విలువైనదో ఆలోచించండి. పైగా తిమ్మిరెక్కిన వేలు బ్రేకు లివరును అవసరమైన క్షణంలో అందుకోలేకపోవచ్చు.

కంపనం పుట్టే చోటు

మన రోడ్లపై తిరిగే మోటారుసైకిళ్లలో ఎక్కువ వాటికి ఒకే సిలిండరు ఉంటుంది. అందులో పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. పై కొసకు చేరి ఆగి, దిశ మార్చుకొని, కింది కొసకు వచ్చి మళ్లీ ఆగుతుంది. ఆగాలన్నా, కదలాలన్నా బలం కావాలి. పిస్టన్ మీద ఇంజను ఎంత బలం ప్రయోగిస్తుందో, అంతే బలం తిరిగి ఇంజను మీద పడుతుంది. ఇది న్యూటన్ మూడో నియమం.

ఆ బలం ఎంత? పిస్టన్ ప్రయాణించే దూరం 50 మిల్లీమీటర్లు, దానితోపాటు కదిలే భాగాల మొత్తం ద్రవ్యరాశి 150 గ్రాములు, ఇంజను వేగం నిమిషానికి 6000 చుట్లు అనుకుందాం. అంటే సెకనుకు 100 చుట్లు. సరళ హరాత్మక చలన సూత్రం ప్రకారం కొసల దగ్గర త్వరణం దాదాపు 9870 మీ/సె². ఇది గురుత్వ త్వరణానికి సుమారు వెయ్యి రెట్లు. కాబట్టి పుట్టే బలం దాదాపు 1480 న్యూటన్లు. అరచేతిలో ఇమిడే పిస్టన్ 150 కిలోల బరువంత బలంతో ఇంజనును సెకనుకు వందసార్లు పైకీ కిందికీ కుదుపుతోందన్నమాట! ఇంజను వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగు రెట్లవుతుంది.

ఇంజనులోనే సరిచేయడం

క్రాంక్ షాఫ్ట్‌కు పిస్టన్ కదలికకు ఎదురుగా ఒక బరువు అమర్చి ఈ బలాన్ని రద్దు చేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కాని పిస్టన్ నిలువుగా కదులుతుంది, ఆ బరువేమో గుండ్రంగా తిరుగుతుంది. నిలువు కుదుపును పూర్తిగా ఆపేంత బరువు పెడితే, అది అడ్డంగా తిరిగినప్పుడు అంతే కుదుపు ముందుకూ వెనక్కూ పుడుతుంది. అందుకే ఇంజనీర్లు రాజీపడి సుమారు సగం బలానికి సరిపడే బరువే పెడతారు. సరిగ్గా సగం పెడితే మిగిలిన సగం బలం క్రాంక్‌కు వ్యతిరేక దిశలో, అదే వేగంతో తిరుగుతుంది.

దారి ఇక్కడే దొరికింది. క్రాంక్‌కు వ్యతిరేక దిశలో, అదే వేగంతో తిరిగే మరో ఇరుసును అమర్చి, దానికి తగిన బరువు పెడితే మిగిలిన సగం కూడా రద్దవుతుంది. దీన్నే బ్యాలెన్సర్ షాఫ్ట్ అంటారు. ఎదురుబొదురుగా తిరిగే బరువులతో ఇంజను కుదుపును రద్దు చేసే ఆలోచనకు 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ రూపమిచ్చాడు. మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పటి మద్రాసులో 1955 తరువాత తయారైన బుల్లెట్ 350 ఇంజనులో పిస్టన్ 90 మిల్లీమీటర్లు ప్రయాణించేది. బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు. దాని వణుకు అందరికీ తెలిసిందే. అదే సంస్థ 2020లో మీటియర్ 350తో మొదలుపెట్టి, 2021లో క్లాసిక్ 350కి కూడా ఇచ్చిన కొత్త ఇంజనులో బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. సిలిండరు ఒక్కటే, సామర్థ్యమూ దాదాపు అంతే. అయినా వణుకు బాగా తగ్గింది.

మరో మార్గం ఇంజనును చట్రం నుంచి రబ్బరుతో వేరుచేయడం. 1967లో పరిచయమైన బ్రిటిష్ బండి నార్టన్ కమాండోలో ఇంజను, గేర్ల పెట్టె, వెనుక చక్రాన్ని మోసే భాగం మూడింటినీ ఒకటిగా కలిపి, రబ్బరు దిమ్మల ద్వారా చట్రానికి బిగించారు. ఇంజను వణుకుతుంది, కాని ఆ వణుకు నడిపేవాడి దాకా రాదు.

హ్యాండిల్ పాత్ర

బండి అంతటా ఒకేలా వణుకు ఉండదు. ఒకానొక వేగం దగ్గర హ్యాండిల్ ఒక్కసారిగా గట్టిగా అదురుతుంది. ఆ వేగం దాటగానే తగ్గుతుంది. ఎందుకు? హ్యాండిల్ మధ్యలో బిగించి, రెండు కొసలూ వదిలేసిన గొట్టం. బల్ల అంచున స్కేలు నొక్కిపట్టి మీటితే ఎలా ఊగుతుందో, దీనికీ అలా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఇంజను కుదుపుల పౌనఃపున్యం దానితో సమానమైతే అనునాదం ఏర్పడి కంపన పరిమితి బాగా పెరుగుతుంది.

సహజ పౌనఃపున్యం గొట్టం బిగువును ద్రవ్యరాశితో భాగించగా వచ్చే విలువ వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కొసల్లో బరువు పెంచితే అది తగ్గుతుంది. దుకాణాల్లో అమ్మే హ్యాండిల్ కొస బరువుల రహస్యం ఇదే. ఉదాహరణకు కొస దగ్గరి ప్రభావ ద్రవ్యరాశి 300 గ్రాములు, సహజ పౌనఃపున్యం 90 హెర్ట్జ్ అనుకుందాం. అంటే నిమిషానికి 5400 చుట్ల దగ్గర అదురుతుంది. 150 గ్రాములు చేర్చితే పౌనఃపున్యం సుమారు 73 హెర్ట్జ్ అవుతుంది. ఇప్పుడు అదురు నిమిషానికి 4400 చుట్ల దగ్గర వస్తుంది. బరువు కంపనాన్ని మాయం చేయలేదు, వేరే చోటికి జరిపింది. మీరు రోజూ నడిపేది 5400 దగ్గరైతే హాయి. 4400 దగ్గరైతే బరువు పెట్టి కష్టం కొనితెచ్చుకున్నట్లే. ఒకరి బండికి పనిచేసిన బరువు మరొకరి బండికి పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ముందు లోపం వెతకాలి

బరువు కొనేముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ వణుకు మొదటినుంచీ ఉందా, ఈమధ్యే వచ్చిందా? కొత్తగా వచ్చిన వణుకు బండి మనకు చెబుతున్న మాట. దాన్ని మెత్తని గ్రిప్పుతో కప్పిపెట్టడమంటే జ్వరం తగ్గకముందే థర్మామీటరు పారేయడం వంటిది.

మూలాన్ని ఇలా గుర్తించవచ్చు. ఖాళీ రోడ్డుమీద, అనుభవమున్న పెద్దల చేత, ఒకే వేగంతో రెండు వేర్వేరు గేర్లలో నడిపించండి. గేరు మారగానే వణుకు మారితే అది ఇంజనుకు సంబంధించినది. గేరు మారినా వణుకు మారకపోతే చక్రాలను అనుమానించాలి.

ఇంజనుకు సంబంధించినదైతే ఇంజనును చట్రానికి బిగించే బోల్టులు వదులయ్యాయా, రబ్బరు బుష్‌లు పగిలాయా చూడాలి. చక్రాలకు సంబంధించినదైతే టైరులో గాలి, రిమ్ము వంకర, బేరింగులు చూడాలి. గొలుసు, పళ్ల చక్రాలు అరిగినా అదురు వస్తుంది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపు బోల్టులనూ, మెకానిక్కులు కోన్ సెట్ అని పిలిచే స్టీరింగు బేరింగులనూ మరువరాదు. ఇవి వదులైతే ప్రమాదం వణుకుతో ఆగదు.

చేతి దగ్గర తగ్గించడం

లోపాలు లేవని తేలాక మిగిలిన కంపనాన్ని దారిలో తగ్గించవచ్చు. హ్యాండిల్ క్లాంపు కింద రబ్బరు బుష్‌లు ఉన్న బండ్లలో పాతబడి గట్టిపడినవి మార్చాలి. అయితే రబ్బరు అన్ని కంపనాలనూ ఆపదు. కుదుపు పౌనఃపున్యం రబ్బరు అమరిక సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్ల కంటే ఎక్కువైనప్పుడే కంపనం తగ్గుతుంది. అంతకంటే తక్కువైతే పెరుగుతుంది కూడా. అలాగని రబ్బరును మరీ మెత్తగా పెడితే హ్యాండిల్ ఊగి బండి అదుపు తప్పుతుంది.

కొస బరువులు పెడితే యాక్సిలరేటరు గ్రిప్పుకు తగలకుండా చూడాలి. వదలగానే గ్రిప్పు దానంతటదే వెనక్కి తిరగాలి. ఇక మెత్తని స్పాంజి గ్రిప్పులూ చేతి తొడుగులూ సన్నని, వేగమైన కంపనాలను కొంత తగ్గిస్తాయి. నెమ్మదైన పెద్ద కంపనాల మీద వాటి ప్రభావం స్వల్పం. గ్రిప్పు మరీ లావైతే గట్టిగా పట్టుకోవలసి వస్తుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఎక్కువ కంపనం చేతిలోకి ప్రవహిస్తుంది. కాబట్టి అదుపుకు తగినంత పట్టు చాలు. మధ్యమధ్య ఆగి చేతులకు విశ్రాంతి ఇవ్వడం ఖర్చులేని నివారణ.

ఈ కంపనం చేతికే కాదు, హ్యాండిల్‌కు తగిలించిన ఫోనుకూ చేటే. శక్తిమంతమైన మోటారుసైకిళ్ల కంపనం ఫోను కెమెరాలను దెబ్బతీయవచ్చని యాపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది.

మీరే చేసి చూడండి

ఒక హ్యాక్సా బ్లేడును బల్ల అంచున గట్టిగా బిగించి, కొసను మెల్లగా మీటండి. తరువాత కొసకు కొద్దిగా బంకమట్టి అంటించి మళ్లీ మీటండి. ఊపు నెమ్మదిస్తుంది. మట్టి పెంచుతూ పది ఊపులకు పట్టే కాలాన్ని ప్రతిసారీ రాసుకోండి. మీ ముందున్నది ఒక చిన్న హ్యాండిల్, దానికి ఒక కొస బరువు.

ఈ పాఠం సారాంశం ఇది: పుట్టే చోట తగ్గించడం ఉత్తమం, దారిలో ఆపడం మధ్యమం, చేతి దగ్గర కప్పడం చివరి మార్గం. మీ ఇంట్లో ఎవరైనా బండి దిగి చేతులు విదిలిస్తే, ఆ వణుకు ఏ గేరులో, ఏ వేగం దగ్గర వస్తోందో అడగండి. సమాధానం దొరికే దారి అక్కడే మొదలవుతుంది.